మెడలో టేపు

పెళ్లిలో పెళ్లికొడుకు కన్నా ఫొటోగ్రాఫరుకే పొగరెక్కువని మా ఆవిడ అంటుంది. ఇరవై రెండేళ్లుగా అంటూనే ఉంది, నేను నవ్వి ఊరుకుంటూనే ఉన్నాను. నవ్వక ఏం చెయ్యను, ఉన్న మాటే కదా. కెమెరా మెడలో పడ్డాక నాకు చిన్నా పెద్దా తేడా లేదు. "మీరు వెనక్కి వెళ్లండి. పెద్దాయనా, ఆ పొట్ట కాస్త లోపలికి లాగండి. ఆ ఫోను దించమ్మా, నేనిక్కడ ఉన్నానా చచ్చానా?" ఇదీ నా ధోరణి. అప్పుడు తిట్టుకున్నవాళ్లే ఆల్బమ్ చూశాక మెచ్చుకుంటారని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

మొన్నామధ్య ఒక పెళ్లికూతురు ఫొటోల సంగతి మాట్లాడుకోవడానికి వచ్చిన రోజే ఒక మెలిక పెట్టింది. హాల్లో ప్రతి బల్ల మీదా ఒక చిన్న కార్డు పెడతారట. దాని మీది గళ్ల బొమ్మకి ఫోను చూపిస్తే చాలు, వచ్చినవాళ్లు తమ ఫోన్లలో తీసుకున్న ఫొటోలన్నీ ఒకే చోటికి పంపించవచ్చట. వాటిలోంచి మంచివి ఏరి, రెండో ఆల్బమ్ నేనే చెయ్యాలట.

నాకు కడుపు మండింది. "నేను వండుతుంటే వచ్చినవాళ్లంతా తలో గరిటె పెడతానంటే ఎలాగమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వేసింది. "అంకుల్, మీరు తీసేటప్పుడు అందరం బిగుసుకుపోతాం. మా వాళ్లు మామూలుగా ఎలా ఉంటారో కూడా నాకు కావాలి."

సరే కానియ్, ఊగిపోయిన ఫొటోలు, ఎర్ర కళ్ల ఫొటోలు నువ్వే చూసుకుని మురిసిపో, అని మనసులో అనుకుని ఒప్పుకున్నాను.

పెళ్లి రోజు పొద్దున పెళ్లికూతురి గదిలోకి వెళ్లేసరికి అక్కడంతా గందరగోళం. వేసుకున్న పెళ్లి బట్టలకి వీపు దగ్గర కుట్టు విడిపోయింది. వెనకాల ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని కుడుతోంది. మెడలో కొలతల టేపు, మణికట్టుకి కట్టుకున్న చిన్న మెత్త, దాని నిండా గుండుసూదులు, నోట్లో ఇంకో నాలుగు. నాకు అద్దంలో పెళ్లికూతురి మొహం కావాలి. అద్దంలో చూస్తే ఈవిడ భుజం అడ్డం.

"టైలరమ్మా, కాస్త పక్కకి జరగండి."

ఆవిడ నా వంక చూసింది. నోట్లో సూదులు, ఏమంటుంది? తలూపి జరిగింది. జుట్టు ఆరబెట్టే మిషను హోరులో పెళ్లికూతురికి నా మాట వినపడనే లేదు.

తర్వాత వేదిక మీద కుటుంబం ఫొటో. అమ్మాయి వైపు వాళ్లని రమ్మన్నాను. బంధువులంతా ఎక్కారు, వాళ్లతో పాటు ఈవిడా ఎక్కి, తిన్నగా పోయి పెళ్లికూతురి పక్కన నిలబడబోయింది. అప్పటికి బట్టలు మార్చుకుంది. ఆకుపచ్చ పట్టు కట్టుకుంది. మెడలో టేపు మాత్రం తియ్యడం మరిచిపోయింది. నాకు ఆ టేపు కనిపించింది, పట్టు కనిపించలేదు. పెళ్లికూతురు అటు తిరిగి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. బంధువులు ఎవరి చోటు వాళ్లు చూసుకునే హడావుడిలో ఉన్నారు, పైగా బ్యాండు మోత. నేను వెళ్లి ఆవిడ భుజం పట్టుకుని ఇవతలికి లాగాను.

"మీ పని అయిపోయిందిగా టైలరమ్మా! ఇది ఫ్యామిలీ ఫొటో. ఎక్కడ పడితే అక్కడ నిలబడిపోతే ఎలా?"

పెళ్లికొడుకు వైపు దూరపు చుట్టాలెవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ తల వంచుకుని మెట్లు దిగింది.

అంతటితో వదిలానా? లేదు. కింద ఊరికే నిలబడి ఉందని, "ఖాళీయేగా, ఈ లైటు స్టాండు పట్టుకోండి, ఇంకా పైకి, ఇంకా" అని చేతిలో పెట్టాను. ఇరవై నిమిషాలు పట్టుకుంది. ఆ లైటు కళ్లలో పడుతుంటే వేదిక మీద వాళ్లకి దాని వెనకాల ఎవరున్నదీ కనపడదు. పెళ్లికూతురు రెండు మూడుసార్లు కళ్లు చికిలించి హాల్లోకి చూసింది. "ఇటు చూడమ్మా, నన్ను చూడు" అని నేనే గదమాయించాను.

నాకో అలవాటుంది. హాలు ఖాళీ అయ్యేలోపే ఓ మూల కూర్చుని కెమెరాలోంచి పనికిరానివన్నీ తీసిపారేస్తాను. అలా ఆ సాయంత్రం టేపు కనిపించిన ప్రతి ఫొటో తీసేశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు.

నెల తర్వాత పెళ్లికూతురు ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచుకోవడానికి స్టూడియోకి వచ్చింది. తొమ్మిది వందలు ఒక్కొక్కటే చూసింది. నేను పొగడ్త కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. చివరిది అయ్యాక అడిగింది:

"మా అమ్మ ఏది అంకుల్?"

"అమ్మగారు ఉన్నారా?" అన్నాను. తల్లి పోయిందేమో, శుభమా అని పెళ్లి చేసుకుంటున్న పిల్లని ఎందుకు బాధపెట్టాలని పెళ్లి రోజున నేను అడగలేదు. ఆ సున్నితత్వానికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అయితే నిజమేనన్నమాట. ఒక్కదానిలో కూడా నిలబడలేదు. ఎందుకు రాలేదే అంటే, గొప్పవాళ్ల పక్కన నిలబడాలంటే సిగ్గేసింది, నేనే తప్పించుకున్నాను అంది. మా అత్తగారి వాళ్ల ముందు ఏంటండీ అంత నామోషీ? నాన్న పోయిన దగ్గర్నుంచీ ఊళ్లో వాళ్ల బట్టలు కుట్టి నన్ను చదివించింది. నేనెప్పుడైనా సిగ్గుపడ్డానా? నా పెళ్లిలో తను సిగ్గుపడిందట! నెల రోజులుగా నేను తనతో మాట్లాడట్లేదు."

బట్టలు కుట్టి అనగానే నాకు ఆ టేపు గుర్తొచ్చింది. ఆ ఆకుపచ్చ పట్టు అప్పుడు కనిపించింది నాకు, నెల ఆలస్యంగా.

అక్కడే చెప్పెయ్యాల్సింది. పెళ్లి మంటపంలో అంతమంది మీద అరిచిన నోరు, ఒక్క ఆడపిల్ల ముందు మూతబడిపోయింది. "మీ వాళ్లు పంపినవి ఉన్నాయిగా, వాటిలో వెతుకుతాను" అని పంపించేశాను.

అవి ఎనిమిది వందల పైచిలుకు, అప్పటిదాకా ఎవరూ తెరిచి చూడలేదు. నేనూ మా ఆవిడా కూర్చుని చూశాం. ఆల్బమ్‌లు అమర్చేది మా ఆవిడే, దాని కన్ను నా కన్ను కంటే చురుకు. రెండొందలు దాటాక ఒకచోట ఆగింది.

"ఏమండీ, ఈవిడ ఎవరు? ముక్కు చూడండి, అచ్చు పెళ్లికూతురి ముక్కే."

టేపావిడే. పదకొండు ఫొటోల్లో ఉంది. ఏ ఫొటో చూసినా పక్కనే నేను కూడా ఉన్నాను. ఒకదానిలో వేలు చూపించి తరుముతున్నాను. ఒకదానిలో భుజం పట్టుకుని లాగుతున్నాను. నా నోరు ఇంత పెద్దగా తెరిచి ఉంది, రెండో చెయ్యి మెట్ల వైపు చూపిస్తోంది, ఆవిడ తల వంచుకుని ఉంది, పెళ్లికూతురు అటు తిరిగి నవ్వుతోంది, వెనకాల ఇద్దరు ఆవిణ్ణి చూసి నవ్వుతున్నారు. ఇన్నేళ్లలో పని చేసేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూసుకోలేదు. ఛీ, ఇదా నేను అనిపించింది.

ఇంకోదానిలో ఆవిడ రెండు చేతులూ పైకెత్తి లైటు పట్టుకుని ఉంది. మణికట్టుకి ఇంకా ఆ సూదుల మెత్త. కూతురి వైపు చూస్తూ మొహమంతా నవ్వు. నేను పక్కన నిలబడి లైటు ఇంకా ఎత్తమని చెయ్యి ఊపుతున్నాను.

మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి వెళ్లి వంటింట్లో గిన్నెలు తోముకుంది. అది తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే కూర్చుని, భుజం పట్టుకుని లాగుతున్న ఫొటోలోంచి నన్ను నేను చెరిపెయ్యడం మొదలుపెట్టాను. చెయ్యి తీసేశాను, మొహం తీసేశాను, వెనకాల గోడ అతికించాను. పని బాగానే కుదిరింది. కానీ ఆవిడ తల వంచుకునే ఉంది. పక్కన నేను లేకపోయేసరికి, నిజంగానే సిగ్గుపడి వంచుకున్నట్టు కనిపిస్తోంది. అంటే ఆవిడ చెప్పిన అబద్ధానికి నేను సాక్ష్యం తయారుచేసి పెడుతున్నాను.

మూసేసి, వాకబు చేసుకుని ఆవిడ టైలరింగ్ కొట్టుకి వెళ్లాను. క్షమాపణ అడగడానికి వెళ్లానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది, కానీ అబద్ధం. ఇద్దర్నీ మళ్లీ అలంకరించి ఫొటో తీసేస్తే సంగతి బయటపడకుండా పోతుందేమోనన్న ఆశతో వెళ్లాను.

రెండు మిషన్లు పట్టేంత గది. గోడ పొడుగునా పేర్ల చీటీలు గుచ్చిన బట్టలు. ఆవిడ నన్ను చూడగానే గుర్తుపట్టి, ముక్కాలి పీట మీది గుడ్డపీలికలు తీసేసి, "కూర్చో బాబూ" అంది.

"అమ్మా, మీరు తల్లిగారని తెలియక..."

"తెలిస్తే అలా అనేవాడివా? అనవు. టైలర్ననుకుని అన్నావు." కోపం లేదు, మామూలుగానే అంది. "నేను టైలర్నే కదా బాబూ."

ఆవిణ్ణి గుర్తుపట్టలేకపోవడమే నా తప్పనుకుంటూ వచ్చాను దారంతా. టైలరైతే మాత్రం భుజం పట్టుకుని లాగొచ్చా? ఆ ముక్క ఒక్కసారి కూడా తట్టలేదు నాకు. సిగ్గుతో తల పైకెత్తలేకపోయాను.

"మరి చెప్పలేదేంటమ్మా, నేనే తల్లినని?"

"మొదటిసారి నోట్లో సూదులున్నాయి. రెండోసారి అటు వియ్యాలవారి చుట్టాలు నవ్వుతున్నారు. అప్పుడు నేను తల్లినంటే వాళ్లు కంగారుపడతారు, నా కూతురు ఏడుస్తుంది. ఏడిస్తే మొహానికి వేసిందంతా కారిపోదూ? పోనీలే, ఈ ఒక్క పూటేగా అనుకున్నాను."

"తర్వాతైనా అమ్మాయికి..."

"చెబితే నీ మీదికి వచ్చేస్తుంది, దాని సంగతి నీకు తెలీదు. పెళ్లి ఫొటోలు చూసినప్పుడల్లా ఆ గొడవే గుర్తొస్తుంది. అదే నా మీద కోపమనుకో, ఎన్నాళ్లుంటుంది? తగ్గుతుంది."

"తగ్గిందా?"

ఆవిడ పంటితో దారం తెంపింది. "ఇంకా లేదు."

నేను వచ్చిన పని ఎలాగో బయటపెట్టాను. మళ్లీ తీస్తానన్నాను. అవే బట్టలు, అవే లైట్లు, తల్లీకూతుళ్లిద్దరే, ఎంతసేపైనా సరే అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, ఎత్తిపొడుపు అన్నది ఏ కోశానా లేకుండా, పని తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగింది:

"అయితే ఈసారి నన్ను ఎక్కడ నిలబడమంటావు బాబూ?"

ఇంక అక్కడ కూర్చోలేకపోయాను. ఏదో గొణిగి బయటపడ్డాను.

స్టూడియోకి వచ్చి, చెరిపిన ఫొటో పారేసి, అసలైనవి పదకొండూ పెళ్లికూతురికి పంపించాను. కింద నాలుగు ముక్కలు రాయడానికి గంట పట్టింది. "మీ అమ్మగారు తప్పించుకోలేదు. పక్కన నిలబడడానికి వచ్చారు. టైలరనుకుని నేనే లాగేశాను, నేనే లైటు పట్టించాను, ఉన్న ఫొటోలు నేనే తీసిపారేశాను. మీరు బాధపడకూడదని ఆవిడ అబద్ధం చెప్పారు."

ఆ రోజంతా జవాబు లేదు. మర్నాడు మధ్యాహ్నం తనే వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. అరుస్తుందేమో, అరిస్తే పడదామని లేచి నిలబడ్డాను.

"ఫొటోగ్రాఫర్‌గారూ," అంది. అంకుల్ పోయింది. "నేను కళ్లు చికిలించి చూసింది అమ్మ కోసమే. ఎదురుగానే ఉందా?"

"ఉందమ్మా."

"మీరేమో ఇటు చూడు, ఇటు చూడు అన్నారు."

"అన్నాను."

తర్వాత తనే చెప్పింది: "రెండు ఆల్బమ్‌లు వద్దు, ఒకటే చెయ్యండి. మొదటి పేజీలో అమ్మ లైటు పట్టుకున్నది. దానికి ఎదురు పేజీలో మీరు లాగుతున్నది. మీ చెయ్యి కత్తిరించకండి. నెల రోజులు ఎవరి మీద అలిగి కూర్చున్నానో నాకు గుర్తుండాలి."

అలాగే చేశాను. రంగులు సరిచేశాను, నా మొహం బాగా కనపడేలా వెలుగు కూడా పెంచాను. ఇరవై రెండేళ్లలో నేను చేసిన ఆల్బమ్‌లన్నిట్లోకీ మొదటి పేజీల్లో నేనున్నది ఇదొక్కటే. మా ఆవిడ అంటించి, ఆరబెట్టి, "మీరే తీసుకెళ్లి ఇచ్చి రండి" అంది.

కొట్టుకి తీసుకెళ్లాను. కూతురు అక్కడే ఉంది, తల్లి పక్కన రెండో మిషను ముందు కూర్చుని గుండీలు కుడుతోంది. ఏదో మాట మీద ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నన్ను చూసి కూతురు నవ్వు ఆపేసింది. తల్లి చేతులు తుడుచుకుని ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుంది.

లైటు పట్టుకున్న ఫొటో చూసి, "అయ్యో, టేపు తియ్యనే లేదే నేను!" అని తనలో తనే నవ్వుకుంది. తర్వాత ఎదురు పేజీ చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ నెమ్మదిగా బొటనవేలు ఎత్తి నా మొహం మీద పెట్టింది, అరచెయ్యి అడ్డం పెట్టి నా చేతినీ, వెనకాల నవ్వుతున్న ఇద్దర్నీ కప్పేసింది. ఇంక ఆ ఫొటోలో మిగిలింది ఆవిడా, అటు తిరిగి నవ్వుతున్న కూతురూ.

"ఇలా చూడవే," అంది కూతురితో. "ఇప్పుడు బావుంది కదూ? పోనీలే, పాపం."

కూతురు ఆ చేతి వంకే చూస్తోంది. నేను గుమ్మంలో, బయటికి పోవాలో లోపలికి రావాలో తెలియక, ఎటు జరగమంటారో చెప్పేవాళ్లు లేక నిలబడి ఉన్నాను.