సక్సీడ్ అనాలి

మా ఆయన చొక్కాలు నేను ఇస్త్రీ చేస్తుండగా హాల్లోంచి నవ్వులు వినిపించాయి. ఆయన ఏ కథ చెబుతున్నారో నాకు తెలిసిపోయింది.

బట్టల షాపులో ఏళ్ల తరబడి కౌంటర్ వెనక నిలబడి నిలబడి, మొన్ననే సూపర్‌వైజర్‌నయ్యాను. మొదటి మీటింగులో, నా కింద పనిచేసే పిల్లలకు ఉత్సాహం ఇద్దామని "వుయ్ మస్ట్ సక్సెస్" అన్నాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజర్ గొంతయినా తగ్గించకుండా, "సక్సీడ్ అనాలి మేడం. సక్సెస్ నౌను, సక్సీడ్ వెర్బు, సక్సెస్‌ఫుల్ యాడ్జెక్టివ్. స్కూల్లో చెప్పలేదా?" అన్నాడు. చెప్పే ఉంటారు. నాకే చెవులు కాలిపోయి ఆ తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. మన మాటల్లో అయితే దేని పక్కనైనా 'చేయి' అని తగిలిస్తే చాలు, క్రియ అయి కూర్చుంటుంది. వంట చేయి, సాయం చేయి, సర్దుబాటు చేయి. ఇంట్లో నాతో అనే మాటలన్నీ అలాగే ముగుస్తాయి. నాకు బాగా వంటబట్టిన వ్యాకరణం అదొక్కటే. ఆ సాయంత్రం ఉండబట్టలేక ఆయనతో చెప్పుకున్నాను. "పోనీలేవే. నేనెవరికీ చెప్పనుగా" అని తల నిమిరారు. పెళ్లయిన కొత్తలో 'బోర్డ్' అనాల్సిన చోట 'ఐ యామ్ బోరింగ్' అన్నానని, స్నేహితులందరికీ చెప్పి నెలల తరబడి నవ్వించిన మనిషే ఈయనని మర్చిపోయాను. తల నిమిరిన ఆ చేతికి ఎంతలా కరిగిపోయానో తలుచుకుంటే చచ్చేంత సిగ్గుగా ఉంది.

ఇస్త్రీ ఆపి, టీ పెట్టి హాల్లోకి తీసుకెళ్లాను. ఆడపడుచు, ఆమె భర్త సోఫాలో ఉన్నారు. "ఇదిగో, వచ్చింది మా సక్సెస్!" అన్నారు ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అమ్మాయి మాత్రం తల దించుకుని దిండు అంచున దారం పీకుతోంది. నా కోసం బాధపడుతోందో, నన్ను చూసి సిగ్గుపడుతోందో అడిగే ధైర్యం లేకపోయింది.

ఆడపడుచు ఖాళీ కప్పులు పట్టుకుని నా వెనకే వంటింట్లోకి వచ్చింది. కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అడిగింది.

"వదినా, ఇంతకీ ఏమనాలట?"

"సక్సీడ్."

"నాకూ తెలీదు. నవ్వకపోతే ఆ సంగతి మా ఆయనకి తెలిసిపోతుందని నవ్వేశా. ఏమనుకోకు."

ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఇద్దరం సింకులోకి చూశాం.

హాల్లో ఆయన మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి నా గొంతు కూడా పెట్టి. తడిచేతులతోనే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"నేనన్నది తప్పు మాటే," అన్నాను. "కానీ మీరు మాట తప్పారు. ఎవరికీ చెప్పనన్నారు."

ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి తలెత్తింది. ఆడపడుచు భర్త ఏదో పని గుర్తొచ్చినట్టు లేచాడు.

వాళ్లు వెళ్లాక ఆయన తలుపు గడియ పెట్టి నా వైపు తిరిగారు. మొహం కందగడ్డలా ఉంది.

"సరదాకి అన్నదానికి నలుగురిలో నా పరువు తీశావు. నాకెంత సిగ్గేసిందో తెలుసా నీకు?"

నాకు తెలుసు. అదెలా ఉంటుందో ఆయనకు తెలియదని, తెలియకే ఇలా చేస్తారని, ఇన్నేళ్లూ అనుకున్నాను.