అమ్మేవాడే ముందు మునగాలి

మదనపల్లెకు నీళ్లిచ్చే ట్యాంకు అడుగున వాల్వు బిగుసుకుపోయింది. ఎండాకాలం, నీళ్లు వదిలేయడానికి లేదు. మనిషి మునిగి తిప్పాలి. పుంగనూరు చుట్టుపక్కల బావుల్లో పడిన మోటార్లు నేను ఊపిరి బిగబట్టి తీసినవే. ఇప్పుడు అట్లా కుదరదు. వీపున సిలిండరు కట్టుకోవాలి, చేతిలో డైవింగు కార్డు ఉండాలి. మంచి రూలే. అది లేకనే నాకు ఒక చెవి పోయింది.

నా కూతురి బిడ్డ మునీశ్వరి ఆ పని తనకు కావాలంది. పాండిచ్చేరి పోయి నేర్చుకుంది. పరీక్షలో తప్పింది. బావిలో మునిగేవాళ్లు ఊపిరి వదలరు. ఆ పిల్లకు నేను నేర్పింది అదే. సిలిండరు గాలి పీల్చి ఊపిరి బిగబట్టి పైకి వస్తే, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తి చీలుతుందంట. పైకి వచ్చిన ప్రతిసారీ మా పిల్ల నోరు బిగించింది. నేర్పే ఆమె పేరు అంబిక. “అలవాటు మార్చుకుని రా, అంతవరకు కార్డు ఇవ్వను” అని పంపేసింది.

ఆ వాల్వు పని పట్టిన కాంట్రాక్టరు చిన్నప్ప మా ఇంటికి వచ్చాడు.

“అంతవరకు ఊరు ఎండిపోతాది మామా. కుప్పంలో మా బామ్మర్ది ప్రదీపు ఉండాడు. రెగ్యులేటరు, కార్డు రెండూ ఆడే ఇస్తాడు. సోమవారం పాపను దింపుదాం.”

“కార్డు యాడిది?”

“యాడిదైతే ఏం? ఫొటో ఉంటాది, ముద్ర ఉంటాది.”

రెగ్యులేటరంటే సిలిండరులోని గాలిని నోటికి అందించేది. మునీశ్వరి ఫోన్లో ధరలు విచారించి పెట్టింది. చెన్నైలో ఒక ధర, బెంగళూరులో అదే సరుకు దానికి ఒకటిన్నర రెట్లు. వేరే ఊర్లో కొన్నదానికి రిపేరు కూడా చేసేది లేదని బెంగళూరు అంగడాయన చెప్పాడంట. కుప్పంలో మాత్రం చెన్నై ధరలో సగమే. మూడు రాష్ట్రాలు కలిసే చోటు, ఏ సరుకు ఏ దిక్కు నుంచి వచ్చిందో అడిగేవాళ్లు లేరు.

సరుకు చూసి వద్దామని చిన్నప్పతో కలిసి పలమనేరు మీదుగా బస్సులో పోయినాము. ప్రదీపుది పంపుసెట్ల అంగడి. వెనకాల మోటార్లు ముంచి చూసే సిమెంటు తొట్టి. సిలిండరు, రెగ్యులేటరు బల్ల మీద పెట్టి ఉన్నాయి.

“ఫొటో ఇవ్వు మే, సాయంత్రానికి కార్డు వస్తాది. నీళ్లలో దిగే పనే లేదు” అన్నాడు ప్రదీపు.

“దిగకుండా డైవరయ్యేది మీ ఊర్లోనేనా అన్నా?” అంది మునీశ్వరి.

“పాండిచ్చేరిలో సముద్రం ఉండాది, దింపుతారు. మేం యాడ దింపేది?”

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బావిలో దిగడానికి మోకుతాడు కొంటే, అమ్మేవాడు ముందు దానికి వేలాడి చూపాలి. వేలాడకపోతే బేరం లేదు. సోమల సంతలో పెద్ద షావుకార్లు కూడా పంచె ఎగగట్టి వేలాడేవాళ్లు.

నేను తొట్టి చూపించాను. “దిగు నాయనా.”

“యాల?”

“ఆ రెగ్యులేటరు నోట్లో పెట్టుకుని అడుగున కూర్చో. నేను ఒక బీడీ తాగేంత సేపు.”

ప్రదీపు నవ్వాడు. నేను బీడీ తీసేసరికి నవ్వు ఆగింది. “నాకు జలుబు ఉండాది పెద్దాయనా.”

“అయితే చిన్నప్పా, నువ్వు దిగు.”

“మోకు బేరం యాడ, ఇది యాడ? ఎగతాళి చేస్తాండావా?”

“తొట్టి నీళ్లు నీ రొమ్ము దాకా. ట్యాంకులో నాలుగు నిలువుల లోతు. ఆడ నా మనవరాలు దిగాల. ఈడ మీరు దిగరు.”

చిన్నప్ప ముఖం మాడిపోయింది. “ఆడపిల్లకు పని ఇస్తాననేదే ఎక్కువ. ఇది పోతే ఇంకోటి ఇయ్యను, సూసుకో మామా.”

మునీశ్వరి రెగ్యులేటరును బల్ల మీద ఆ చివరికి తోసింది.

“చిన్నప్పన్నా, నేను పాసయినాకే దిగతా. మా అంబిక మేడం చూసి బాగుందన్న మిషనుతోనే దిగతా. అంతలోపల సరైన కార్డు ఉండేవాళ్లు దొరికితే దింపుకో. ఈ కార్డుతో ఎవర్నన్నా దింపినావంటే మాత్రం, ట్యాంకు కట్ట మీదికి వచ్చి అందరి ముందర చెప్తా.”

ఉత్త చేతులతో మేమిద్దరమే బస్సెక్కినాము.

మరుసటి పొద్దున మా ఊరి గురప్ప బావికి పోయినాము. మునీశ్వరి మునిగి పైకి వస్తుంది, నేను మెట్టు మీద కూర్చుని చూస్తాను. పైకి వచ్చేంత సేపూ నోట్లో నుంచి బుడగలు రావాలి. సగం దాకా వచ్చి ఆగిపోయేవి. “వదులు మే” అనేవాడిని. ఆ మాట నా నోటికి కొత్త. రోజూ పోయినాము.

ఒక పొద్దున అది అడుగున ఉండగా ఫోన్ మోగింది. చిన్నప్ప.

“మామా, యాడా మనిషి దొరకలేదు. సోమవారం కూడా దాటిపాయె. పాపకు ఒక మాట చెప్పు, కార్డు సంగతి నేను సూసుకుంటా.”

“నీళ్లలో ఉండాది.”

“ఎప్పుడు వస్తాది?”

“పాండిచ్చేరిలో కార్డు ఇచ్చినప్పుడు.”

ఫోన్ పెట్టేశాను. బావిలో బుడగలు ఆగకుండా పైదాకా వస్తున్నాయి.