ఒక్క మునుం

సమ్మమ్మ మెడలోంచి ఐడీ కార్డు తీసేసినప్పుడు షెడ్డులో చప్పట్లు మోగుతున్నాయి.

ఆ చప్పట్లు ఆమె కోసం కాదు. స్టేజీ మీద రూతుకు 'ఈ నెల నిజాయితీ తార' అని గోడగడియారం ఇస్తున్నారు. హెచ్చార్ మేనేజర్ రమాకాంత్ మైకు పట్టుకుని, "మనమంతా ఒక కుటుంబం. కుటుంబంలో దాపరికం ఉండొద్దు" అంటున్నాడు. అదే సమయంలో సూపర్‌వైజర్ ఓంప్రకాశ్ సమ్మమ్మను పక్కకు పిలిచి, కార్డు తీసుకుని, గేటు వైపు చెయ్యి చూపించాడు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుంది. రోజూ పని దిగేటప్పుడు తుడిచినట్టే కుట్టుమిషన్ని కొంగుతో తుడిచి వెళ్లిపోయింది.

స్టేజీ మీంచి రూతు అదంతా చూసింది. గడియారం చేతిలోనే ఉంది. చప్పట్లు ఆగినా దిగడం మర్చిపోయింది.

నేను ఆ కాలర్ సెక్షన్లో చెకర్‌ని. పేరు శోభారాణి. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని. చూసింది చూసినట్టు రాస్తున్నాను. కూలికి పోయేవాళ్లే కాదు, కాలేజీల్లో హెచ్చార్ చదువుతున్న చెల్లెళ్లూ తమ్ముళ్లూ కూడా ఇది చదవాలి. రేపు ఆ కుర్చీల్లో కూర్చోబోయేది మీరే.

మాది వరంగల్ దాటాక చేల మధ్య లేచిన షర్టుల ఫ్యాక్టరీ. ఆ చేలల్లో నాట్లేసిన ఆడవాళ్లే ఇప్పుడు మిషన్ల మీద కూర్చున్నారు. కుట్టడం కంపెనీ నేర్పింది. అంతకుముందు పొలం నేర్పినదాన్ని వాళ్లు మర్చిపోలేదు. నాటేసేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక పట్టీ ఉంటుంది, దాన్నే మునుం అంటారు. ఒకామె మునుం వెనకబడితే అటుపక్కామె, ఇటుపక్కామె ఆమె పట్టీలో కూడా నాలుగు వరి కర్రలు నాటుతారు. అందరూ కలిసే ఒడ్డెక్కుతారు. ఒక్కదాన్ని బురదలో వదిలి ఒడ్డున నిలబడడం మా దిక్కు సిగ్గుమాలిన పని.

పోయిన ఏడాది సమ్మమ్మ చూపుడువేల్లో మిషన్ సూది దిగింది. సూది ముందు వేలుకు అడ్డంగా ఉండే గార్డు పనిని ఆలస్యం చేస్తోందని ఓంప్రకాశే తీయించాడు. వేలు మానింది కానీ వంగదు. అప్పటి నుంచి ఆమెకు మిగిలిపోయిన కాలర్లను రెండుపక్కలా ఉన్న రూతు, బక్కమ్మ కుట్టి ఆమె పెట్టెలోనే వేసేవాళ్లు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అది చెప్పుకోవాల్సిన సంగతి అని కూడా అనుకోలేదు.

తర్వాత హైదరాబాద్ నుంచి రమాకాంత్ వచ్చాడు. సెక్షన్‌కొకటి చొప్పున గోడకు టీవీలాంటి తెర వచ్చింది. ఒక్కొక్కరి పేరు, పక్కన ఆమె కుట్టిన కాలర్ల అంకె. పైనున్న పేర్లు పచ్చగా, నడుమవి పసుపుగా, అడుగువి ఎర్రగా కనబడతాయి. పచ్చగా ఉన్నవాళ్లకే జీతం పెరుగుతుంది. ఎరుపు మళ్లీమళ్లీ వస్తే ఇంటికే. ఇందులో తిరకాసు నాకు త్వరగానే అర్థమైంది. ఎవరెంత బాగా కుట్టినా అడుగున కొందరు ఎర్రగా ఉండాల్సిందే. అందరం పరుగెత్తినా ఎవరో ఒకరు వెనక ఉంటారు కదా, ఆ వెనకున్నామె తప్పు చేసినట్టు లెక్క. జీతం కొందరికే పెంచాలని పైన ముందే తేల్చుకుంటారు. ఎవరికి ఎగ్గొట్టాలో మాతోనే తేల్పిస్తారు.

ఒకరోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చాయ్, బిస్కెట్లు ఇచ్చారు. "మనసు విప్పి మాట్లాడండమ్మా. మీ టీములో మీకు బాగా నచ్చేదేంటి?" అని రమాకాంత్ అడిగాడు. అందరూ తలలు వంచుకున్నారు. రూతు లేచింది. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. తనకు జరిగిన మేలును పదిమందిలో చెప్పాలని ఇంట్లో నేర్పారు.

"మా దగ్గర మంచిదేందంటె సార్, ఒకలు ఎనకబడితె ఇంకొకలు ఆగుతరు. సమ్మమ్మ పెద్దమ్మకు ఏలు బాగలేదు గదా, ఆమె కాలర్లు మేం కుడతం. ఎవలం లెక్క జూసుకోం."

రమాకాంత్ చప్పట్లు కొట్టాడు. ఓంప్రకాశ్ రాసుకున్నాడు. ఆ వెంటనే తప్పుడు లెక్క చూపించిందని సమ్మమ్మను తీసేశారు, దాన్ని బయటపెట్టిందని రూతుకు గడియారం ఇచ్చారు.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో రూతు పక్కన ఎవరూ కూర్చోలేదు. వెనక సీట్లోంచి బక్కమ్మ అడిగింది: "టైమెంతయిందే రూతూ? నీ గడియారం జూసి జెప్పు జర."

"వదినె, నేను చెప్పింది ఒకటి, ఆళ్లు చేసింది ఒకటి."

"గట్లనే ఉంటది. నువ్వు పొగిడినవ్, ఆళ్లు పీక కోసిండ్రు. రేపు నా ముచ్చట గూడ చెప్పు, గోడకు రెండు గడియారాలయితయి."

మర్నాటి నుంచి సెక్షన్ మారిపోయింది. ఎవరి గుడ్డముక్కల బండిల్ వాళ్లు ఒళ్లో పెట్టుకున్నారు. దారం అరువు అడిగితే వినపడనట్టు ఉన్నారు. అంకె తగ్గుతుందని నీళ్లు తాగడం మానేశారు. ఒకామెకు కండ్లు తిరిగి మిషన్ మీదికి ఒరిగితే, పక్కామె ముందు తెరవైపు చూసి తర్వాత ఆమెవైపు చూసింది. ఆ చూపుకు నాకు చాలా భయమేసింది.

రమాకాంత్ గదికి వెళ్లాను. "సార్, ఆమె వేలు పోయింది మన ఫ్యాక్టరీలోనే" అన్నాను.

"శోభా, నువ్వు గ్రాడ్యుయేట్‌వి. ఫీలింగ్స్ పక్కన పెట్టి డేటా చూడు. తీసేసింది నేను కాదు, సిస్టమ్."

"ఆ సిస్టమ్‌లో వేలు సంగతి ఎక్కడుంది సార్?"

ఆయనకు కోపం కూడా రాలేదు. "నీ యాటిట్యూడ్ మారింది. నోట్ చేస్తున్నా" అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక రూతు నన్ను తోడు తీసుకుని సమ్మమ్మ ఊరికి వెళ్లింది. అప్పటికే బక్కమ్మ, సెక్షన్ ఆడవాళ్లు చాలామంది ఆమె వాకిట్లో ఉన్నారు. రూతును చూసి మాటలు ఆపేశారు. రూతు గడియారాన్ని సమ్మమ్మ ముందు పెట్టింది.

"నన్ను రెండు కొట్టు పెద్దమ్మా."

"అబద్ధమాడినవా?" అంది సమ్మమ్మ.

"లేదు."

"మరెందుకు కొడత బిడ్డా? మనం మంచిదనుకున్నదాన్ని ఆళ్లు దొంగతనమన్నరు. తప్పు నీ నోటిది గాదు, ఇన్నోనిది."

"మంచిమాటలకు కార్డు తిరిగొస్తదా?" అని బక్కమ్మ అడ్డుతగిలింది.

లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెడదామన్నాను. "పెట్టు. అది తేలేదాక పెద్దమ్మ ఏం తినాలె?" అంది ఒకామె. పని బంద్ పెడదామంది ఇంకొకామె. "పెడితె రేపే ఇంకో ఊరికెల్లి బస్సు నింపుకొస్తరు" అంది బక్కమ్మ. మాటా మాటా పెరిగింది. ఒకరినొకరు పాత సంగతులతో పొడుచుకున్నారు. తెర మా వెంట ఆ వాకిట్లోకి కూడా వచ్చిందనిపించింది నాకు.

అదే చెప్పాను. "ఆ తెరకు పైన ఒకలు, కింద ఒకలు కావాలె. అందరం ఒక్కతీరుంటె అది ఎవల్ని ఎర్రగ జేస్తది?"

రూతే మెల్లగా అంది: "పెద్దమ్మ మునుం ఎనకబడ్డది గదా. ఆమె ఎంత కుట్టేదో అందరం గంతే కుడదాం. ఆమె వచ్చేదాక ఎవలం ఒడ్డెక్కద్దు."

అందరూ బక్కమ్మ వైపు తిరిగారు. తెర మీద ఎప్పుడూ పచ్చగా ఉండేది ఆమె పేరే.

"నాకేంది, నేను పచ్చరంగుల ఉన్న" అంది బక్కమ్మ. "జీతం పెరిగితె మేడారం తల్లులకు నా ఎత్తు బెల్లం ఇస్తనని మొక్కిన్న గూడ." కొంగుతో మొఖం తుడుచుకుంది. "సరె తియ్. తల్లులు సమజ్ జేసుకుంటరు. గా తెర జూసి జూసి నా కండ్లు గుంజుతానయి."

సోమవారం కాలర్ సెక్షన్లో మిషన్ల చప్పుడు మారింది. ఒకామె కాలర్ ముగిస్తే చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కామె కోసం ఆగింది. అందరివీ అయ్యాకే ఇంకోటి ఎత్తారు. సమ్మమ్మ మిషన్ ఖాళీగా ఉంది. ఆమె వంగని వేలు మా అందరి చేతుల్లో ఉంది.

మధ్యాహ్నానికి తెర మీద రంగులు పోయాయి. పేర్లన్నీ తెల్లగా నిలబడ్డాయి. ఓంప్రకాశ్ తెరను అరచేత్తో కొట్టి చూశాడు. కంప్యూటర్లు చూసే అతన్ని పిలిపించాడు.

"తెర మంచిగనే ఉంది సార్" అన్నాడతను. "ఈళ్లే అందరు ఒక్కతీరున్నరు."

రమాకాంత్ మైకుతో వచ్చాడు. "అమ్మా, కావాలని ఉత్పత్తి తగ్గిస్తే చర్య ఉంటుంది. మీ వెనక ఎవరున్నారు?" ఎవరూ తల ఎత్తలేదు. ఆయన రూతు దగ్గర ఆగాడు. "నువ్వు నిజం చెప్పే పిల్లవి. చెప్పు, ఎవరు మొదలుపెట్టారు? రేపటి నుంచి నువ్వే సూపర్‌వైజర్."

రూతు మైకు అందుకుంది. బక్కమ్మ కండ్లు మూసుకుంది.

"చెప్త సార్. సూదికాడి గార్డు తీపిచ్చింది ఓంప్రకాశ్ సార్. ఏలు పోయింది సమ్మమ్మ పెద్దమ్మది. పని పోయింది గూడ ఆమెదే. ఆమె కోసం మేం ఆగినం. ఆమెను పిలువుండ్రి, మా చేతులు లేస్తయి."

ఆ మాటలు షెడ్డంతా వినపడ్డాయి. అవతల కఫ్‌లు కుట్టేవాళ్లు, గుండీలు వేసేవాళ్లు, ఇస్త్రీవాళ్లు తలలు తిప్పారు. రమాకాంత్ మైకు లాక్కుని, ఫోన్ తీసి తన గది వైపు నడిచాడు.

పొద్దు ఉండగానే పోలీసు జీపు వచ్చింది. ఉత్పత్తికి అడ్డం వచ్చారని మైకులో మాట్లాడిన రూతునూ, అందరికంటే ఎక్కువ అంకె తగ్గిన బక్కమ్మనూ ఎక్కించారు. జీపులో కూర్చున్నాక బక్కమ్మ రూతు భుజానికి ఆనుకుంది.

"టైమెంతయిందే రూతూ?"

"గడియారం పెద్దమ్మ ఇంట్ల ఉంది వదినె."

ఇద్దరూ నవ్వారు. పోలీసామెకు అర్థం కాలేదు. మాకు అర్థమై ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున మేం బస్సు దిగేసరికి సమ్మమ్మ గేటు ముందు నిలబడి ఉంది, చేతిలో టిఫిన్ డబ్బాతో. "కార్డు లేనోళ్లు పక్కకు జరుగుండ్రి" అన్నాడు వాచ్‌మన్. ఆమె జరగలేదు. మేం ఆమె వెనకే వరసగా నిలబడ్డాం.

"మీకు కార్డులున్నయి గదా, మీరు పోరాదుండ్రి" అన్నాడతను.

"మా మునుం ఈమెకాడ ఆగింది" అన్నాను. "ఈమె లోపలికొస్తె మేమొస్తం. జీపులో పోయినోళ్లు గూడ రావాలె."

అంతలో మాకంటే ముందు షిఫ్టులో ఉన్న ఒక పిల్ల లోపల్నుంచి గేటు దగ్గరికి ఉరికొచ్చింది. ఊపిరి అందక ఊచలు పట్టుకుంది.

"అక్కా, కఫ్ సెక్షన్ తెర గూడ తెల్లగయింది."

మా వెనక రమాకాంత్ కారు వచ్చి ఆగింది. హారన్ కొడుతూనే ఉన్నాడు. సమ్మమ్మ డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఎవరం పక్కకు జరగలేదు.