రెండో తలుపు

మా పెద్దమ్మతో రైలు ప్రయాణమంటే నా ప్రాణం తోడేస్తుంది. స్టేషన్ వస్తే చాలు, కిటికీ ఊచలకు ముఖం ఆనించి ప్లాట్‌ఫాం మీది ముసలాళ్లందరినీ ఎగాదిగా చూస్తుంది. ఎవరైనా ఏమనుకుంటారోనన్న ఇంగితం కూడా ఉండదు. తమ్ముణ్ని వెతుకుతోందట!

యుద్ధం రోజుల్లో, బాంబులకు భయపడి జనమంతా సొరంగంలో తలదాచుకున్నప్పుడు తప్పిపోయిన పసి తమ్ముడు. పైకప్పు కూలుతుంటే ఈవిడే వాడికి అటు చివరి తలుపు చూపించి పరిగెత్తమందట. ఈవిణ్నేమో ఎవరో ఇటు లాగేశారు. వాడు ఆ రెండో తలుపులోంచి బయటపడి, ఎవరింట్లోనో పెరిగి ముసలాడై ఉంటాడని ఆవిడ నమ్మకం. శుక్లాలు ముదిరినా ఆపరేషన్‌కు ఇన్నాళ్లూ ససేమిరా అంది. తమ్ముడు ఎదురుపడితే పోల్చుకోలేనేమోనన్న భయంతోనే చివరికి నాతో ఆసుపత్రికి బయల్దేరింది.

మేము రైలు మారాల్సింది ఆ సొరంగం ఉన్న ఊళ్లోనే. సాయంత్రం దాకా ఇంకో రైలు లేదు. సొరంగాన్ని ఇప్పుడు టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. వద్దంటే వింటేగా.

లోపల చెమ్మ వాసన. గైడు ఏదో చెబుతూనే ఉన్నాడు, ఈవిడ చెవిన పెట్టకుండా నన్ను లాక్కుంటూ చివరిదాకా నడిచింది. నిజంగానే అక్కడ ఆకుపచ్చ తలుపు, ఇత్తడి గడియ.

“చూశావా? నేను చెబితే నమ్మావు కాదు,” అంది.

గడియ పట్టుకోబోయింది. అరచెయ్యి గోడకు తగిలింది. మళ్లీ తడిమింది. నేనూ తడిమాను. ఉత్త సున్నపు గోడ.

గైడు నవ్వుతూ వచ్చాడు. అందరూ అలాగే మోసపోతారట. యుద్ధం రోజుల్లో, ఒకటే దారి ఉందంటే జనం లోపలికి రావడానికి జంకుతారని, ధైర్యం కోసం అధికారులే పెయింటర్‌ని పిలిపించి తలుపు బొమ్మ వేయించారట. పనితనం చూడమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కూలిన రోజు ఇటు పరిగెత్తినవాళ్లు ఏమయ్యారని పెద్దమ్మ మెల్లగా అడిగింది. అతని నవ్వు ఆగిపోయింది. ఒక్కరూ మిగల్లేదని, ఆనవాలు పట్టే వీల్లేక అందరినీ ఒక్కచోటే పూడ్చారని చెప్పాడు.

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గడియ బొమ్మ మీద చెయ్యి అలాగే ఉంచింది.

“పొట్టివాడే. గడియ అందట్లేదనుకుని ఉంటాడు. ‘అక్కా, తియ్యవే’ అని నన్ను పిలిచుంటాడు.”

చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు తీసుకొచ్చాను. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి, ముసలాళ్లు దిగుతున్నారు. ఆవిడ తల ఎత్తలేదు. నాకు భయం వేసింది. ఇన్నేళ్లూ విసుక్కున్న నేనే, అడుగో ఆ కర్ర పట్టుకున్నాయన్ని చూడు పెద్దమ్మా అని బతిమాలాను.

“ఇంటికెళ్లే రైలు ఎప్పుడో కనుక్కోవే,” అంది. “ఆపరేషన్ వద్దులే. కళ్లతో ఇక నాకేం పని?”