ఊడ్చిన పత్తి

"వాని వయసెంత?" అని అడిగిన హెడ్ కానిస్టేబులు తలెత్తి చూడనైనా లేదు.

"పదహారు" అంది రజిని.

"పదహారేండ్లోనికి ఆ మీసమేందిమే? ఆ బుజాలేంది? పంతొమ్మిది ఏస్తాండా."

అన్నట్టే పంతొమ్మిది వేసేశాడు. కొసరు కింద నాలుగు మిరపకాయలు పడేసినంత సులువుగా తమ్ముడు తేజ వయసుకు మూడేళ్ళు కలిపేశాడు. రజిని నోరు తెరవబోయి మళ్ళీ మూసుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమె తీరు అంతే. ఊరి బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. ఎవరు ఎవరితో ఏమంటున్నారో, అనేటప్పుడు ఎవరి కళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చునేది. ఇప్పుడూ చూసింది. కటకటాల వెనక తమ్ముడు చొక్కా లేకుండా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అమ్మ మహాదేవమ్మ గోడవారగా నిలబడి, ఎవరు అటు నడిచినా దండం పెడుతోంది. గుమ్మానికి అడ్డంగా ఒక గోనెసంచి ఉంది.

"ఆ సంచి అట్ల పక్కకు పెట్టు" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

రజిని దాన్ని ఒంటిచేత్తో లేపి గోడ దగ్గర పెట్టింది. తన తల్లీ తమ్ముడూ దొంగిలించారన్న సొత్తు అదేనని ఆమెకు అప్పటికి తెలియదు.

రజిని ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంట్లో కండెలు చుట్టే పని చేస్తుంది. వారమంతా అక్కడే. ఆ మధ్యాహ్నం ఆదోని నుంచి అమ్మతో పని చేసే కమలమ్మ ఫోన్ చేసింది. "పాపా, మీ యమ్మను, తేజాను పోలీసోల్లు పట్టకపోయినారు. దొంగతనమంట. యాడ బుద్ధి వీల్లకు? బిరీన రా." చుడుతున్న కండె అలాగే వదిలేసి బస్సెక్కింది.

దొంగతనం సంగతి ఇది. ఆదోనిలో పత్తి సీజను మొదలైందంటే జిన్నింగ్ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. దించేటప్పుడు పత్తి నేలరాలుతుంది, చక్రాల కింద నలుగుతుంది, మట్టీ ఆకుపొట్టూ కలిసి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. దాన్ని ఊడ్చే ఆడవాళ్ళకు మిల్లు కూలి ఇవ్వదు. ఊడ్చింది వాళ్ళే మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోయి, కూర్చుని ఏరి, పరుపులు కుట్టేవాళ్ళకు అమ్ముకుంటారు. ఆవరణ శుభ్రమైనందుకు అదే కూలి. మహాదేవమ్మ అత్త చీపురు పట్టిన కాలం నుంచీ ఇదే ఏర్పాటు. సేట్లు మారారు, మిల్లు చేతులు మారింది, దీన్ని కాదన్నవాళ్ళు లేరు.

ఆ ఏడు అయ్యన్న అని కొత్త గుమాస్తా వచ్చాడు. అతని తూకంలో తేడా పడింది. ఆ తేడా ఎటు పోయిందని యజమాని అందరి ముందూ కేకలేశాడు. అయ్యన్న చుట్టూ చూశాడు. బడికి సెలవని అమ్మకు తోడుగా వచ్చి, ఊడ్చిన సంచిని నెత్తికెత్తుకుని గేటు వైపు నడుస్తున్న తేజ కనబడ్డాడు. అంతే, తేడా దొరికిపోయింది.

మహాదేవమ్మను ఆడమనిషని నోటీసు చేతికిచ్చి సాయంత్రం పంపించారు. తేజను పంపలేదు. ఆ రాత్రి వాడు ఇద్దరు తాగుబోతుల పక్కన పడుకున్నాడు.

మరునాడు కోర్టు ఆవరణలో వాళ్ళకు నస్రీన్ దొరికింది. ఆమె ఆదోని అమ్మాయే. డబ్బులేని వాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లాయర్లలో ఒకరు. మహాదేవమ్మ చెప్పేదంతా మధ్యలో అడ్డుపడకుండా విని, రజిని వైపు తిరిగి ఒక్కటే అడిగింది. "పిల్లోడు మొదట ఏ బడిలో చేరినాడు? పోయి పుట్టిన తేదీ రాయించుకొని రా, ఉరుకు."

రజిని ఉరికింది. ఆ కాగితం చూసిన మేజిస్ట్రేటు, తేజను కర్నూలులో పిల్లల కేసులు చూసే బోర్డుకు పంపించాడు. అక్కడ బల్లకు అవతల కూర్చున్న ముగ్గురిలో ఒకామె వాణ్ణి కుర్చీలో కూర్చోమంది. ఏం చదువుతున్నావని అడిగింది. వాడు జవాబు చెప్పకుండా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ పూటే తల్లికి అప్పగించి పంపారు.

బయటికొచ్చాక నస్రీన్ కేసు కాగితాలు చదివి వినిపించింది.

"పద్దెనిమిది నిండని పిల్లల్ని లాకప్పులో ఒక గంట కూడా పెట్టకూడదు. ఇట్లాంటి చిన్న వాటికి ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదు. స్టేషన్లో పిల్లోడు ఒప్పుకున్నాడని రాసుకున్నారే, అది చెల్లదు. ఇంకో వింత చూడండి. సంచిలో క్వింటాలు పత్తి ఉందంట."

"క్వింటాలా!" రజిని ఆగిపోయింది. "నేను ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టినాను మేడమ్ ఆ సంచి."

"సొత్తు విలువ ఐదు వేల లోపైతే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు కేసు ముట్టుకోకూడదమ్మా. క్వింటాలైతే అది దాటుతుంది. అందుకే స్టేషన్లో సంచి బరువు పెరిగింది."

"క్వింటాలు నెత్తిన పెట్టుకోని పదహారేండ్లోడు నడిసినాడంటనా?"

"అందుకే కదా వాడికి పంతొమ్మిది చేసింది" అంది నస్రీన్.

మహాదేవమ్మ ఏమీ అర్థం కాక ఇద్దరినీ చూసింది. రజినికి మాత్రం ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ఒక అబద్ధం నిలబడటానికి ఇంకో అబద్ధం. రెండిటినీ ఒకే మనిషి, ఒకే బల్ల దగ్గర, తన కళ్ళ ముందే రాశాడు. తాను చూస్తూ నిలబడింది.

కేసు రెండయింది. తేజది కర్నూలులో, తల్లిది ఆదోనిలో. తల్లి కేసు ముందుకొచ్చింది. నేరం ఒప్పుకుంటావా లేదా అని కోర్టు అడిగే వాయిదాకు ముందు రోజు అయ్యన్న వాళ్ళ ఇంటికొచ్చాడు. చేతిలో అరటిపండ్లు. వెంట కమలమ్మ కూడా ఉంది.

"ఏమక్కా, నామీద కోపమా? నేనేం జేసేది, పై నుంచి తిడ్తాంటే? రేపు జడ్జి అడిగితే ఊ అని ఒక్క మాట అను. ఫైనేస్తాడు. అదీ మిల్లే కడ్తాది. నీ కొడుకు కేసూ దాంతోనే పాయె."

"లేకుంటే?" అంది రజిని.

అయ్యన్న ఆమెను అప్పుడే చూసినట్టు చూశాడు. "ఈ పాపకు నోరుండాదే! లేకుంటే ఏముందమ్మా, దొంగలు పడే జాగాలో మేం ఆడోల్లను రానీము. చీపుర్లు బయటనే."

అతను వెళ్ళాక కమలమ్మ అరుగు మీద కూలబడింది. "మాదేవక్కా, మేమంతా ఆడ ఊడ్సుకొనే బతికేది. నీ ఒక్కదాని పట్టుకు మా కడుపులు కొట్టాకు. ఊ అంటే అరిగిపోతావా?"

మహాదేవమ్మ అప్పటికే తలాడించింది. ఆమెకు ఇందులో వింతేమీ కనబడలేదు. ఆమె పుట్టింది దేవనకొండ దగ్గర పల్లెలో. అక్కడ గొడవ పెద్దమనుషుల ముందుకొస్తే ఎవరో ఒకరు తప్పు, అంటే జరిమానా, కట్టాలి. కట్టినంత మాత్రాన చేసినట్టు కాదు, గొడవ ముగిసినట్టు. ఒకసారి ఎవరి మేకలో పక్కవాళ్ళ శనక్కాయ చేను మేస్తే, ఆమె తండ్రి తన మేకలు కావని తెలిసీ తప్పు కట్టాడు. ఆ సాయంత్రమే ఆ చేను వాళ్ళు చెంబు నిండా మజ్జిగ పంపారు. ఇంటి పెద్ద తప్పు కడితే ఇంట్లో వాళ్ళందరి మీదున్న నిందా తొలగిపోతుంది. కోర్టంటే పెద్ద పంచాయితీ అనే ఆమె అనుకుంది.

"నేను కట్టేస్తే పిల్లోడు బయట పడ్తాడు. అంతే పాపా" అంది.

"ఈడ అట్ల కాదమ్మా" అంది రజిని.

"నీకేం తెల్సు? పెద్దోల్ల మాటలు."

ఎప్పుడూ అక్కడితో ఆగిపోయే మనిషి ఆ రోజు ఆగలేదు.

"ఏం తెల్సంటే ఇది తెల్సు. నువ్వు ఊ అంటే ఆ పత్తి దొంగ సొత్తని నీ నోటితో సెప్పినట్టు. ఆ సంచి మోసింది యెవురు? తేజా. రేపు బోర్డులో వాడేమని సెప్పుకోవల్ల? మా యమ్మ దొంగ, నేను కాదనా? క్వింటాలంటే క్వింటాలు ఒప్పుకున్నట్టు. అయ్యన్న తూకంలో యాడేడ పోగొట్టినాడో, యెవురికి అమ్ముకున్నాడో, అదంతా నీ నెత్తి మీదికి వచ్చె. నీ ఫైను వాడు కట్టిస్తాననేది నీ మీద ప్రేమకనుకుంటివా? వాని పాపానికి నీతో బిల్లు కట్టిస్తాండాడు."

"అబ్బో" అంది కమలమ్మ.

రజిని ఆమె వైపు తిరిగింది. "నువ్వూ ఇను కమలత్తా. కోర్టులో ఒకసారి ఊడ్సిన పత్తి దొంగతనమని పడిందంటే, రేపు నీ మూట పట్టుకుంటాడు. మొన్న మాదేవమ్మ ఒప్పుకున్య కదా అంటాడు. అప్పుడు నువ్వేమంటావు? మీ అందరి కడుపులు కొట్టేది మాయమ్మ ఊ అంటేనే, ఉహూ అంటే కాదు."

కమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల్నుంచి తేజ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ కేసు తర్వాత వాడు బడికి పోవడం మానేశాడు. ఎవరు బతిమాలినా మాట్లాడడం లేదు.

"నన్ను ఆడ కొట్టినప్పుడు" అన్నాడు, "దొంగనని సెప్పు, ఇడిసిపెడ్తామన్నారు. సెప్పినా. ఇడిసిపెట్టల్యా." అంతే చెప్పి లోపలికి పోయాడు.

మహాదేవమ్మ కొడుకు పోయిన వైపే చాలాసేపు చూసింది. పొయ్యి ముట్టించి జొన్నరొట్టె తట్టడం మొదలుపెట్టింది. రేపు ఏం చెప్తావని అడిగే ధైర్యం రజినికి లేకపోయింది.

పొద్దున కోర్టు వరండా నిండా జనం. అయ్యన్న తెల్లచొక్కా వేసుకుని, తానే మహాదేవమ్మను తీసుకొచ్చినట్టు ఆమె పక్కనే నిలబడి, "ఊ అని ఒక్క మాటక్కా, ఆమీట కాఫీ తాగుదాం" అంటున్నాడు. నస్రీన్ వచ్చి అతని భుజం పక్కనుంచి మహాదేవమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"అమ్మా, మీ ఇష్టం మీది. ఎవరు చెప్పినా, నేను చెప్పినా, భయపడి చెప్పొద్దు. ఏం జరిగిందో అదే చెప్పండి."

పేరు పిలిచారు. మహాదేవమ్మ చెప్పులు వాకిట్లో విడిచి వెళ్ళింది. రజిని వెనక బల్ల మీద కూర్చుంది. అక్కడి నుంచి అమ్మ వీపే కనబడుతోంది. జాకెట్టు చిరుగు మీద కొంగు సర్దుకుంటోంది.

మిల్లు ఆవరణ నుంచి క్వింటాలు పత్తి దొంగిలించినట్టు అభియోగం చదివి, మేజిస్ట్రేటు అడిగాడు. "నేరం ఒప్పుకుంటున్నావా అమ్మా?"

మహాదేవమ్మ దండం పెట్టింది. దండం పెట్టాక అమ్మ ఎప్పుడూ కాదనలేదు.

"ఊడ్సింది నేనే సామీ" అంది మహాదేవమ్మ.

వెనక అయ్యన్న హమ్మయ్య అని ఊపిరి వదలడం వినబడింది.

"ఊడ్సింది నేనే. నా కొడుకు మోసినాడు. మా యత్త కాడ్నుంచి ఊడ్సుకొనే పోతాండాము, దాసుకొని పోలేదు. అది దొంగతనమంటే నేను ఒప్పుకోను. నా పిల్లోని యెవురన్నా దొంగంటే, అదీ ఒప్పుకోను."

ఒప్పుకోలేదని రాసుకున్నారు. సాక్షుల కోసం ఇంకో వాయిదా వేశారు. మొత్తం వ్యవహారం అంతసేపే. ఇంకెన్ని వాయిదాలో నస్రీన్ కూడా చెప్పలేకపోయింది. "గుమాస్తాను బోనులో నిలబెట్టి ఆ క్వింటాలు సంగతి నేను అడగాలి. సంచి ఎత్తిన మనిషి సాక్ష్యం కావాల్సొస్తుంది" అంది రజినిని చూస్తూ.

"సెప్తాను మేడమ్" అంది రజిని.

వరండాలో అయ్యన్న తెల్లచొక్కా చేతులు మడుచుకుంటూ ఎదురొచ్చాడు. మొహంలో నిన్నటి అక్కా లేదు, అరటిపండ్లూ లేవు.

"తిరుగు ఇంక, కాళ్ళరిగేదంకా తిరుగు. రేపట్నుంచి ఒక్క ఆడది గేటు లోపల అడుగుపెడితే సూడు."

మెట్ల కింద, ఎప్పుడొచ్చిందో, కమలమ్మ నిలబడి ఉంది. వెనక ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు. రజినికి భయమేసింది, వీళ్ళు అమ్మ మీద పడతారని. కమలమ్మ ముందుకొచ్చి చేతులు నడుం మీద పెట్టుకుంది.

"మేం రాములేప్పా. ట్రాక్టర్ల కింద పడింది నువ్వూ మీ సేటూ వంగి ఊడ్సుకోండి. ఆ తెల్లసొక్కా మాత్రం ఇప్పి ఊడ్సు, మాసిపోతాది."

ఆడవాళ్ళు నవ్వారు. అయ్యన్న బండెక్కి వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా కమలమ్మ నడుం మీద చేతులు తీయలేదు. తర్వాత మహాదేవమ్మ వైపు తిరిగి, కళ్ళలో నీళ్ళతో కసిరింది.

"అయిపాయె కదా! ఇంగ రేపు పొద్దున చీపురెత్తుకోని యాడికి పోదాం? సెప్పు, నువ్వే సెప్పల్ల ఇప్పుడు."

మహాదేవమ్మ మెట్టు మీద కూర్చుని కమలమ్మ చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది. రజిని కూడా వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది.