కోపు పిలిచే గొంతు

"పెద్ద గిన్నెడు పులిహోర కలుపు జగదా. ఇవాళ శనివారమైనా నీకెలాగూ హాలు లేదుగా" అన్నాడు సూర్యప్రకాశరావు, అద్దం ముందు నిలబడి జుట్టుకు రంగు వేసుకుంటూ. జగదాంబ ఆయన పట్టు లాల్చీ ఇస్త్రీ చేస్తోంది. హాలు ఎందుకు లేదని అడిగింది. ఎవరిదో నిశ్చితార్థమట, వాళ్లకి ఇచ్చేశారట. మరి పులిహోర ఎవరికి? "రికార్డింగుందే నాకు. పాతవాళ్లందర్నీ పిలిచారు. మా ఆవిడ పులిహోర తెస్తానని నోరు జారాను. నీ చేతి పులిహోరంటే పడి చస్తారు వాళ్లు."

ఆయన నోటి వెంట అలాంటి మాట ఎప్పుడో గానీ రాదు. అది విని ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చింతపండు నానబెట్టింది. ఎంతకాలానికి వచ్చిందమ్మా ఈ మనిషికి రికార్డింగు, అని సంతోషం కూడా పడింది. పోపు వేస్తుంటే ఆవాలు చిటపటలాడి మూకుడు అంచు దాటి ఎగిరాయి. వాటిని చూసి తనలో తను నవ్వుకుంది. వచ్చే శనివారానికి ఒక కొత్త కోపు దొరికింది.

కోలాటంలో ఒక్కో రకం అడుగునీ తిరుగుడునీ కోపు అంటారు. కోపు మారేముందు ఒకరు దాని పేరు గట్టిగా పిలవాలి. ఆ పిలుపు విని వరసలన్నీ ఒక్కసారి మారాలి. ఫిల్మ్ నగర్‌లోని కమ్యూనిటీ హాల్లో శనివారం శనివారం జరిగే కోలాటంలో ఆ పిలిచే మనిషి జగదాంబ. టేపు పెట్టి ఆడేది కాదు అది. డోలక్ సూర్యప్రకాశరావుది. హార్మోనియం పుష్పకుమారిది, ఆవిడ యూసుఫ్‌గూడ చర్చిలో పాటలకు వాయిస్తుంది. తాళాలు ఓదెలువి, అతను పగలు స్టూడియో వ్యాను నడుపుతాడు. వరసలో ఆడుతున్నవాళ్లు ప్రతి చుట్టుకీ ఒక్క మనిషి చొప్పున పక్కకు జరిగి కొత్త జతతో కోలలు కలుపుతారు. ఆట పూర్తయ్యేసరికి జూబ్లీహిల్స్ నుంచి కారులో వచ్చే రాజ్యలక్ష్మి, సినిమా బట్టలు ఇస్త్రీ చేసే సత్యలక్ష్మి ఎదురెదురుగా నిలబడి నవ్వుకోవాల్సిందే. ఎవరు అలిసిపోయారో, ఎవరి మోకాలు పట్టేసిందో చూసుకుంటూ పిలవాలి. పిలిచేవాళ్ల కళ్లు వరస మీద ఉండాలి. అది జగదాంబకు పుట్టుకతో వచ్చిందా అన్నట్టుండేది.

అసలు ఆ హాలు అడిగి తెచ్చిందే ఆవిడ. సినిమా పాటల్లోకి కంప్యూటర్లు వచ్చి డోలక్ వాయించేవాళ్లకు పిలుపులు రావడం మానేశాయి. సూర్యప్రకాశరావు డోలక్ మీద దుప్పటి కప్పేసి రోజంతా దాని వైపు వీపు పెట్టి పడుకునేవాడు. ఆ వీపు చూడలేక ఆవిడ కాలనీ సంఘం వాళ్ల చుట్టూ తిరిగింది, పుష్పను బతిమాలింది, చిన్నప్పుడు పాలకొల్లు దగ్గర మేనత్తలతో ఆడిన కోలాటం గుర్తు చేసుకుంది. ఆయన చేతులకు పని దొరకాలని మొదలుపెట్టింది. తన గొంతుకు పని దొరుకుతుందని అప్పుడు ఆవిడకు తెలియదు. పాత కోపులు సగం మరిచిపోయింది. మరిచిపోయిన చోట కొత్తవి కల్పించింది. పేర్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆవిడకు తెలిసింది వంటిల్లే. ఉన్నచోటే చిన్నచిన్నగా ఎగిరితే 'ఎసరు మరిగె'. జతలు ఇటూ అటూ తిరిగితే 'కవ్వం'. ఒక వరసలోంచి ఇంకో వరస జారిపోతే 'జల్లెడ'. ఆడవాళ్లకు ఒక్కసారి చెబితే చాలు, అడుగు కాలికి తెలిసిపోయేది.

ఇంకోటుంది, 'కంచం తోసె'. పెళ్లయిన ఏడాది, యూసుఫ్‌గూడలో ఒక్క గదిలో ఉండేవాళ్లు. ఆయన నలుగురు వాద్యకారుల్ని భోజనానికి తెచ్చాడు. సాంబారులో ఉప్పు తగ్గింది. "ఉప్పెయ్యడం కూడా నేర్పలేదా మీ అమ్మ?" అని అందరి ముందూ కంచం కాలితో తోసేశాడు. ఆవిడ మెతుకులన్నీ ఎత్తి, గది తుడిచి, గుమ్మం బయట కూర్చుని తిన్నది. ఎన్నేళ్లకో హాల్లో ఒక కోపు పుట్టింది. జతలు వీపులు తిప్పుకుని విడిపోతాయి, మళ్లీ అదే మనిషి వైపు తిరగవు, పక్కనున్నవాళ్ల కోలకు కోల కలుపుతాయి. దానికా పేరు ఆ పిలిచే క్షణంలోనే నోటికొచ్చింది. ఆయన డోలక్ వాయిస్తూనే ఉన్నాడు. ఆయనకు గుర్తు లేదు. తోసినవాళ్లకు ఎక్కడ గుర్తుంటుంది! "నీ గొంతు గరిటెతో మూకుడు గీకినట్టుంటుంది. తాళం నేను పడుతున్నాను గనక ఆట నడుస్తోంది" అనేవాడు ఇంటికొచ్చాక. ఆవిడ నవ్వేసేది. చేతులకు పని దొరికింది కదా, ఏదో అంటాడులే అని.

ఆ శనివారం మధ్యాహ్నం గిన్నెలు తోముకుని కూర్చుంటే ఓదెలు ఫోను చేశాడు.

"అమ్మా, పులిహోర మస్తుగున్నది. మీరేం మాట్లాడకుండ్రి, ఊకె ఊ కొట్టుండ్రి చాలు. గొంతు ఎట్లున్నది?"

"ఏ గొంతు ఓదెలూ?"

"అయ్యో, మాట్లాడొద్దన్న గదా! నెల దాక నోరు తెరవొద్దన్నడంట గదా డాక్టరు. సారు చెప్పిండు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, సారే పిలుస్తుండు కోపులు. షూటింగు మంచిగ నడుస్తున్నది."

జగదాంబ ఫోను పెట్టేసింది. అందుకా, వారమంతా ఒక్క ఆడపిల్ల కూడా ఫోను చెయ్యలేదు! రోజుకు నాలుగుసార్లు మోగే ఫోను ఎందుకిలా మూగబోయిందా అని ఛార్జింగు పెట్టి తీసి, పెట్టి తీసి చూసుకుంది. ఎవరికేం కోపం తెప్పించానా అని తన మాటలన్నీ తవ్వుకుంది. మాట్లాడకూడదని దయతలచి ఊరుకున్నారు వాళ్లు. ఆవిడ కట్టుకున్న నూలుచీరతోనే ఆటో ఎక్కింది. షేక్‌పేటలోని ఇంటి నుంచి హాలు ఎంత దూరం గనక. అయినా ఆ దారి తెగలేదు.

హాలు ముందు పెద్ద వ్యాన్లు, లైట్లు. లోపల ఆడవాళ్లంతా ఒకే రంగు చీరల్లో. మధ్యలో చిన్న పీట, దాని మీద ఆవిడ ఇస్త్రీ చేసిన పట్టు లాల్చీలో సూర్యప్రకాశరావు. డోలక్ ఎవరో కుర్ర వాద్యగాడి ఒళ్లో ఉంది. కోలాటం పాటను వీడియో తీస్తున్న మనోజ్ఞ అనే డైరెక్టరమ్మాయి, మంచి పిల్లే, కళ్లలో వెలుగు పెట్టుకుని అడుగుతోంది. "మాస్టారూ, ఈ పేర్లు భలే ఉన్నాయండీ. ఎలా వచ్చాయి మీకు?"

"చిన్నప్పుడు మా అమ్మ వంట చేస్తుంటే పక్కనే కూర్చుని చూసేవాణ్ణమ్మా. ఆ పనులన్నీ ఇలా కోపుల్లో పెట్టాను" అన్నాడాయన.

పక్కతలుపు దగ్గర నిలబడ్డ జగదాంబకు నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది. తన అత్తగారు ఈయన వంటింటి గడప తొక్కితే "మగాడివి నీకిక్కడేం పనిరా, పో అవతలికి" అని తరిమేది. మంచినీళ్ల బిందె ఎక్కడుంటుందో ఈ మనిషికి ఈరోజుకీ తెలియదు.

"మరి కంచం తోసె అంటే?"

"అదా! ఇంటికొచ్చిన అతిథి కడుపునిండా తిని, ఇంక చాలమ్మా అని తృప్తిగా కంచం పక్కకు జరపడం."

"వావ్" అంది ఆ పిల్ల.

ఆ నవ్వు జగదాంబ ముఖం మీదే ఆగిపోయింది. పేరు తీసుకుంటే తీసుకున్నాడు. ఆ మెతుకులు ఎత్తిన మనిషిని కూడా లేకుండా చేశాడు. అప్పుడే ఆయన కళ్లు తలుపు వైపు తిరిగాయి. క్షణంపాటు ముఖం రంగు మారింది. మరుక్షణమే పెదాల మీద వేలు పెట్టుకుని, రెండో చెయ్యి చాచి వచ్చేశాడు. "అయ్యయ్యో, ఎందుకొచ్చావే! మాట్లాడకు, మాట్లాడకు, గొంతు!" అంతే, ఆడవాళ్లంతా చుట్టుముట్టారు. "ఆంటీ, ఒక్క మాట కూడా వద్దు" అంటూ రాజ్యలక్ష్మి ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసింది. సత్యలక్ష్మి తన కొంగుతో ఆవిడ చెమట తుడిచింది. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఒక చెయ్యి మెత్తగా వచ్చి ఆపింది. అంత ప్రేమను తోసుకుని "ఈయన అబద్ధమాడాడు" అని ఎలా అంటుంది? వేడినీళ్లు తాగింది. వెనక్కి తిరిగింది.

గేటు దాకా పుష్పకుమారి పరుగెత్తుకొచ్చింది. ఈ గుంపులో ఒక్క పుష్పకు మాత్రం నిజం తెలుసు.

"బుధవారం రైతుబజారులో నాతో కలిసి చిక్కుడుకాయలు ఏరావు కదే పుష్పా" అంది జగదాంబ. "గంటసేపు వాగాను కదా నేను."

"ఏరాను అక్కా." పుష్ప తల వంచుకుంది. "ఈ పాటలో మా అబ్బాయి బెన్సన్‌కి కీబోర్డు ఇప్పిస్తానన్నాడు అన్నయ్య. ఇంటర్వ్యూలకి తిరిగి తిరిగి వాడు మంచం దిగడం లేదు. అన్నయ్య గొంతు సంగతి చెప్పినప్పుడు కాదని అనలేకపోయాను. ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకోలేకపోయాను అక్కా, ఒట్టు."

మంచం దిగని మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో జగదాంబకు తెలియదా? అందుకే తిట్టలేకపోయింది. తిట్టలేకపోయినందుకే ఆటోలో ఏడ్చింది. మొగుడి దగ్గర ఆవిడ ఎప్పుడూ ఒక కాలు వెనక్కి పెట్టే నిలబడింది, దెబ్బ ఎటునుంచైనా రావచ్చని. పుష్ప దగ్గర రెండు కాళ్లూ చాపుకుని కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు సూర్యప్రకాశరావు ఇంటికొచ్చాడు. ఖాళీ గిన్నె గట్టు మీద పెట్టి, తనే మొదలెట్టాడు. "చూడు జగదా, రాద్ధాంతం చెయ్యకు. నలభై ఏళ్లు వాయించాను. ఏ పాట వినబడినా అందులో డోలక్ నాదేనని నీకు తప్ప ఎవరికీ తెలియదు. తెర మీద ఒక్కసారి నా పేరు పడిన పాపాన పోలేదు. ఈ వయసులో కనపడతానంటే నీకు కడుపుమంటా? అయినా నువ్వూ నేనూ వేరా? మాస్టారి పెళ్లానివి నువ్వే కదా!"

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆయన పేరు పడలేదన్న బాధ ఆయనకంటే ఆవిడే ఎక్కువ మోసింది. తలుపు సందులోంచి ఆ వీపు చూస్తూ మోసింది. ఈయన వారం ముందు వచ్చి, జగదా, నాకీ ఒక్కటి ఇవ్వవే, అని ఉంటే? ఇచ్చేసేది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ పిలుపు ఎక్కడ విరవాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పేది. తను వెళ్లి వరస చివర కోలలు పట్టుకుని నిలబడేది. అడిగి ఉంటే ఇచ్చేసేదాన్ని కదా అని తలుచుకుంటే ఆవిడకు తన మీద తనకే భయం వేసింది. ఎన్నిచ్చింది అలాగ! అడగను కూడా అక్కర్లేదనిపించేటంతగా ఇచ్చింది.

ఆవిడ పలకకపోయేసరికి పని అయిపోయిందనుకున్నాడు. కుర్చీ లాక్కుని, గొంతు మెత్తగా చేసుకున్నాడు. "రేపు కూడా షూటింగుంది. ఆ డైరెక్టరమ్మాయి ఇంకో కోపు అడుగుతోంది, ఎవరూ ఆడనిది. నీ బుర్రలో ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుందిగా. పేరూ అడుగులూ చెప్పు, పొద్దున నేను పిలుస్తాను."

ఉంది. పొద్దున ఆయన షూటింగుకు పులిహోర పోపు వేస్తుంటే పుట్టిందే. 'తిరగమోత'. వరసలన్నీ ఒక్కసారి చిటపటమని చెదిరిపోతాయి, ఎవరికి వాళ్లు ఒక చుట్టు తిరిగి, తమకు నచ్చిన జతను తామే వెతుక్కుంటారు. నాలిక చివరే ఉంది.

జగదాంబ ఫోను తీసింది. ఆవిడకు టైపు చెయ్యడం పెద్దగా రాదు. కోలాటం ఆడవాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపు తెరిచి మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టింది.

"అమ్మా, నేను జగదాంబని. నా గొంతుకేమీ కాలేదు. ఏ డాక్టరూ నన్ను చూడలేదు. వారంరోజులు మీరంతా నా కోసం బెంగపడ్డారు, ఆ ప్రేమ నా దగ్గర దాచుకుంటాను."

"ఏయ్, ఏంటది? ఎవరితో?" కుర్చీలోంచి లేచాడు సూర్యప్రకాశరావు.

"ఆ పేర్లన్నీ నావి. కంచం తోసె అంటే తృప్తిగా తిన్న అతిథి కాదమ్మా. ఉప్పు తగ్గిందని మా ఆయన కాలితో తోసిన కంచం. ఆ రోజు నేను గుమ్మం బయట కూర్చుని తిన్నాను."

"జగదా, ఆపు! పరువు తీస్తావేంటే? పొద్దున వాళ్లందరి మొహం ఎలా చూడను? నీకు దండం పెడతాను, వేలు తియ్యి!" ఆయన గొంతు వణికింది. ఆ వణుకు ఆవిడకు బాగా తెలుసు. డోలక్ మీద దుప్పటి కప్పిన రోజుల్లో విన్నది. అయినా వేలు మైకు మీద నుంచి జరగలేదు.

"రేపటి షూటింగు మీ ఇష్టం. ఆడాలనుంటే ఆడండి, మిమ్మల్నేమీ అనను. వచ్చే శనివారం హాల్లో కోపులు నేనే పిలుస్తాను, కొత్తదొకటి ఉంది. ఓదెలు తాళాలు తెస్తాడు. హార్మోనియం సంగతి పుష్పే ఆలోచించుకుంటుంది." ఊపిరి తీసుకుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్లలోకి చూస్తూనే, ప్రతి శనివారం వరసల చివరిదాకా వినబడే ఆ గొంతుతోనే చెప్పింది. "మీలో ఎవరికైనా డోలక్ వాయించడం వస్తే చెప్పండమ్మా."

వేలు ఎత్తేసింది.