గంగులమ్మ కుడిచెయ్యి

రోజూ పొద్దున సంగటికి ఎసరు పెట్టేసరికి గంగులమ్మ కుడిచేతికి ఆకలేసేది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ఎర్రబడి జివజివలాడేది. "కుప్పంలో పాప లేసినట్టుండాది" అనేది పక్కింటి నారాయణమ్మ, బియ్యం ఏరుకుంటూనే. కాసేపటికి అక్కడ పాప పాలు తాగేది, ఇక్కడ పుంగనూరులో చెయ్యి చల్లబడేది.

అంతకు ముందు ఏడాది, 2004లో, గంగులమ్మ ముద్దుకృష్ణ బెల్లం గానుగలో పనిచేసేది. గానుగ దగ్గరికి గిన్నెతో వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపకూడదని ఆ పక్క ఆచారం. ఆచారాలు ఆసాములకన్నా కూలివాళ్లకే బాగా గుర్తుంటాయి. ఒకరోజు ముద్దుకృష్ణ కూతురు ఆదిలక్ష్మి గిన్నె పట్టుకుని గట్టు మీద నిలబడింది. కులం కానివాణ్ణి చేసుకుందని తండ్రి ఆమెను గడప తొక్కనివ్వడు. ఏడోనెల కడుపు, వేడి పాకం మీదికి మనసు పోయింది. గంగులమ్మ ఆమె గిన్నెలో గరిటెడు పోసి, రెండో గరిటె కోసం వంగింది. అది చూసిన ముద్దుకృష్ణ కూతుర్ని ఏమీ అనలేక, కూలిమనిషి నడుం మీద తన్నాడు. ఆమె చెయ్యి మోచేతి దాకా పాకం ఉడికే పెద్ద పెనంలోకి పోయింది.

పోలీసులకు మాత్రం "కాలు జారి పడింది" అన్నాడు. గానుగలో ఉన్నవాళ్లంతా తలలూపారు. ఆదిలక్ష్మి నిజం చెబితే, తండ్రి మీద కక్షతో చెబుతోందని కొట్టిపారేశారు. కాలిన చేతికన్నా ఆ "కాలు జారి" అన్న మాటే గంగులమ్మను ఎక్కువ కాల్చింది. ముద్దుకృష్ణ మీద కోర్టులో కేసు వేసి, వాడి నోటితోనే నిజం కక్కించాలని పట్టుబట్టింది.

మదనపల్లె ఆస్పత్రిలో రెండు నెలలున్నా పుండు మానలేదు. తొడమీది చర్మం తీసి అతికిస్తే అదీ నిలవలేదు. అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుతాడు దొరికితే, అందులోని మూలకణాలను పెంచి పుండు మీద పరిచి చూద్దామన్నాడు బెంగుళూరు నుంచి వచ్చే డాక్టరు. కొత్త వైద్యం, కుదురుతుందో లేదో చెప్పలేనన్నాడు. ఆ వారమే అదే ఆస్పత్రిలో ఆదిలక్ష్మికి కాన్పయింది. "నా బిడ్డదే తీసుకోండి సార్. నాకు పాకం పోసిన చెయ్యి అది" అని సంతకం పెట్టింది.

చర్మం పట్టింది. లేత గులాబీరంగు, పాలవాసన. ఆదిలక్ష్మి కాపురముండే కుప్పంలో పాప అర్చనను దోమ కుడితే ఇక్కడ దద్దురు లేచేది. ఇక్కడ గంగులమ్మ గోక్కుంటే అక్కడ పాప నవ్వేది. డాక్టరు అదంతా రాసుకుని, సబ్బు ఎక్కువ రుద్దొద్దని చెప్పి పంపాడు.

మనవరాలు పుట్టాక ముద్దుకృష్ణ పంతం కరిగిపోయింది. ఆదివారం వస్తే కుప్పం బస్సెక్కేవాడు. అతను మొదటిసారి పాపను ఎత్తుకున్నప్పుడు గంగులమ్మ అంట్లు తోముతోంది. చేతిమీద గరుకు వేళ్లు ఆనాయి. పాకం తిప్పి తిప్పి కాయలు కాసిన వేళ్లు, ఆమెకు తెలియనివి కావు. ఒళ్లు మండిపోయింది. లేచి, చేతిని చన్నీళ్ల కుండలో ముంచింది. కుప్పంలో పాప కెవ్వుమని తల్లి మీదికి దూకింది.

ప్రతి ఆదివారం ఇదే వరస.

"పసిబిడ్డ గదమ్మా" అంది నారాయణమ్మ.

"చన్నీళ్లే గదక్కా. నేను పెనంలో పడితిని" అంది గంగులమ్మ.

పాపకు ఏడాది నిండాక ముద్దుకృష్ణ ఆమె గడప ముందు నిలబడ్డాడు. కూతురే చెప్పి పంపింది, వెళ్లి అడుక్కోమని.

"చెయ్యి నీళ్లల్లో పెట్టొద్దు గంగులమ్మా. బిడ్డ నాకాడికి రానే రాదు."

"నేను ఎట్ల పడితినో కోర్టులో చెప్పప్పా. అంతే."

"చెప్తే జైలుకు పోతాను."

"చెప్పకుంటే కుండ ఈడనే ఉంటాది."

వాయిదా నాడు జడ్జి ముందు "తన్నింది నేనే" అన్నాడు. మూడేళ్లు పడింది.

వ్యాను ఎక్కించే ముందు అతను పాప కోసం చేతులు చాచాడు. ఆదిలక్ష్మి అందించింది. గంగులమ్మ పక్కనే కుళాయి ఉంది. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె కుడిచేతిని కొంగుతో వెచ్చగా చుట్టి గుండెకు ఆనించుకుంది. పాప ఏడవలేదు. తాత మీసం పట్టుకుని కిలకిలా నవ్వింది, మెడ చుట్టూ చేతులేసింది. ముద్దుకృష్ణ వదల్లేకపోయాడు. కానిస్టేబులే పాపను విడదీసి తల్లికిచ్చాడు.

"మంచిపని చేస్తివి" అంది నారాయణమ్మ కళ్లొత్తుకుంటూ.

"మంచా? దాని నవ్వు ఎట్లుంటాదో తెలియకుంటే ఆ మూడేండ్లు వాడికి ఊరికే గడిచిపోయేటివి గదక్కా" అంది గంగులమ్మ.